పాటకు ముసలితనము గలదా?

మన బాలబాలికలలో ననేకులు మిక్కిలి మక్కువతో వినుచున్న హిప్-హాప్ సంగీతము నిన్న మొన్న పుట్టినదని పెద్దలు కొందరు తలంచుచున్నారు. అది సరికాదు. 1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన, న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు ప్రాంతమున, జమైకానుండి వచ్చిన క్లైవ్ కాంప్‌బెల్ అను పదునెనిమిదేండ్ల యువకుడు తన సోదరి యేర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వాయించెను. దానినే యీ కళకు జన్మదినముగా నెన్నుచున్నారు. అనగా దీనికి ఏబదియేండ్లు దాటినవి. యౌవనమే ప్రాణమని చెప్పబడిన కళకు వయస్సు మీరినపుడు ఏది రాలును, ఏది నిలుచును? ఇదియే మేము విచారింపదలచిన విషయము.

1990లో ఎం.సి. హామర్ అను గాయకుని ఆల్బము వెలువడి కోటి ప్రతులకు తక్కువ గాకుండ చెల్లెను. ఆయన వదులు షరాయియు, నృత్యమును లోకమున వేలంవెర్రి యయ్యెను. 1996లో ఆయన ఋణభారముచే దివాలా దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చెను. ఆయనను పరిహసించుటకు దీనిని చెప్పుటలేదు. తప్పు వాపును జూచి బలుపనుకొను మన కన్నులది.

దీనికి భిన్నముగా, 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందమువారు ‘ది మెసేజ్’ అను పాటలో పేదపేటల బాధను ఉన్నదున్నట్లు చెప్పిరి. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 2002వ సంవత్సరపు పట్టికలో దానిని భద్రపరుపదగిన ధ్వనిముద్రణగా చేర్చిరి. నాస్ అను గాయకుడు 1994లో, ఇరువదియేండ్ల ప్రాయమున, తాను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జి పేదల గృహములను గూర్చి పాడెను. ఆయనకు మొదటి గ్రామీ బహుమానము 2021లో, నలువదియేడవ యేట లభించెను. వేషము మాసినను, కన్నది కన్నట్లు పలికిన మాట మాయలేదు.

ఈ పాటలలో అశ్లీలపదములును, ధనగర్వమును గలవు. అన్నియు పిల్లలు వినదగినవి కావు. అందుచేత తల్లిదండ్రులు సమస్తమును ఒక్కమాటున త్రోసివేయుట న్యాయము కాదు. పిల్లలతో కూర్చుండి, ఆ పాట యేమి చెప్పుచున్నదో యడిగి తెలిసికొనుట మేలు.

విద్యార్థులారా, ఒక గాయకుని కేశాలంకారమును, పాదరక్షలను అనుకరింపబూనుటకు ముందు, అవి లేకున్నను ఆతని పాట వినబుద్ధియగునా యని యోచింపుడు. అగునేని వినుడు. కానియెడల, మీ తండ్రి కష్టార్జితమును ఆ పాదరక్షలకై వ్యయపరుపకుడు.