తొర్ర లేని అడవి

భద్రాచలం దిగువన గోదావరి పాపికొండల నడుమకు ప్రవేశించే చోట, ఒకనాటి ఖమ్మం జిల్లా సరిహద్దు అడవుల్లో, మలబారు పైడ్ హార్న్‌బిల్ అనే అరుదైన పక్షి ఉంది. నలుపు తెలుపుల దేహం, పొడవైన పసుపుపచ్చని ముక్కు, దానిపై కిరీటంలా నల్లమచ్చతో అమరిన కొమ్మువంటి తొడుగు దాని ఆనవాళ్లు. పేరు పడమటి తీరానిదే అయినా దీని నివాసం తూర్పు కనుమల దాకా వ్యాపించింది.

గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపక్షి ఒక మహావృక్షపు తొర్రలో చేరి, రెట్టతోను మట్టితోను ద్వారాన్ని మూసివేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రమే మిగులుతుంది. మగపక్షి మర్రి, జువ్వి, మేడి పండ్లను గొంతులో నింపుకొని వచ్చి, ఆ సందు గుండా ఒక్కొక్కటే అందిస్తుంది. వారాల తరబడి ఆడపక్షికి, ఆపై పిల్లలకు అదే ఆధారం. ఆ రోజుల్లో మగపక్షి వేటగాని పాలబడితే లోపలి కుటుంబానికి ఆకలే మిగులుతుంది. తిన్న పండ్ల గింజలను దూరంగా విడిచి అడవిని నాటేదీ ఈ పక్షే.

అయితే తొర్రను ఇది స్వయంగా తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట ముక్కు దీనికి లేదు. కొమ్మ విరిగిన చోట ఏళ్ల తరబడి పుచ్చి ఏర్పడిన తొర్రే కావాలి. అంటే ముసలి చెట్టు కావాలి. కలప లెక్కలో పుచ్చుచెట్టు వ్యర్థం. హార్న్‌బిల్‌కు అదే పురిటిల్లు.

అడవి తరుగుదలకు పోడు వ్యవసాయమొక్కటే కారణమనడం సులభం, న్యాయం మాత్రం కాదు. ఖమ్మం ప్రాంతంలో కాగితపు గుజ్జు కోసం నీలగిరి తోటలు పెంచినది అటవీ అభివృద్ధి సంస్థే. 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టంతో తలపెట్టిన పోలవరం జలాశయం కింద కొంత అడవి కూడా మునగవలసి ఉంది. ఇక లెక్కల సంగతి మరీ విచిత్రం. హెక్టారుకు తగ్గని స్థలంలో 10 శాతం మేర చెట్ల కప్పు ఉంటే, అవి ఏ జాతి చెట్లయినా, జాతీయ నివేదికలో అది అటవీ విస్తీర్ణమే. కొన్నేళ్లకే కోతకు వచ్చే నీలగిరి తోట, శతాబ్దాల అడవి ఉపగ్రహానికి ఒకే పచ్చదనం.

2015లో మొదలైన హరితహారానికి 230 కోట్ల మొక్కలు లక్ష్యం. మొక్కలు నాటడం మంచిదే; కాని ఆ మొక్కకు తొర్ర పడేదాకా పక్షి ఎక్కడ కాపురముండాలి? పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానమయ్యాయి. అక్కడ ముందుగా కావలసినది గూడుచెట్ల గుర్తింపు, వాటి కాపలా. అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అభయారణ్యం చెంత 2011-12 నుండి నిషి తెగవారు జీతం తీసుకొని హార్న్‌బిల్ గూళ్లను కాస్తున్నారు. పాపికొండల్లో ఏ చెట్టున ఏ పిట్ట ఉందో కొండరెడ్లకు, కోయలకు ఒకరు నేర్పనక్కరలేదు. జీతమిచ్చి ఆ పని అప్పగించవలసినది అటవీశాఖ.