ఆకు పసరుకూ లెక్క కావాలి

వానలు పడి వయ్యారిభామ పూతకొచ్చిందంటే బళ్లారి, రాయచూరు, హోసూరు పరిసరాల్లో తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి. ఆ పుప్పొడి ముక్కునూ ఊపిరితిత్తులనూ పీడిస్తుందని బెంగళూరు పరిశోధకులు 1990ల నాటికే తేల్చారు. పెద్దాసుపత్రికి పోయే తీరికా డబ్బూ లేనివాళ్లు సంతలో పొట్లం కట్టిచ్చే 'ఉబ్బసం పొడి'ని నమ్ముకుంటున్నారు. వాళ్లను వెర్రివాళ్లనడం తేలికే. కానీ ఆకుల్లో మందే లేదనడం కూడా అబద్ధం.

పెరట్లోని అడ్డసరాన్నే తీసుకోండి. అందులోని వాసిసిన్ ఆధారంగానే కఫాన్ని పల్చబరిచే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. అదే వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది గనక గర్భిణులు ఆ కషాయం జోలికి పోరాదు. ఈ సంగతి పొట్లం అమ్మేవాడు చెబుతాడా?

మేకమేయని ఆకు కథ మరీ ముఖ్యం. 1960ల చివర్లో ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థ డాక్టర్లు ఉబ్బసం రోగుల చేత రోజుకో ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించి, చాలామందికి మేలు కనిపించిందన్నారు. కొందరికి వాంతులు, నోటిపూత వచ్చాయి. 1979లో వెలువడిన మరో పరీక్షలో ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలియనివ్వకుండా, మందులేని నకలుతో పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు. నమ్మకానికీ రుజువుకూ మధ్య దూరం ఇంత ఉంటుంది.

పొడి వేసుకున్న మర్నాటికే పిల్లికూతలు మాయమైతే సంబరపడకుండా అనుమానించాలి. మూలికా మందుల్లో స్టెరాయిడ్లు కలుపుతున్న వైనం మన దేశంలో జరిగిన పరీక్షల్లో పలుమార్లు బయటపడింది. నెలల తరబడి తింటే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఆయుర్వేద మందు సీసా మీదా లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులోని దినుసులు ఉండాలన్నది చట్టం. పొట్లానికి ఇవేవీ ఉండవు. ఈ వారం ఆదోనిలో అమ్మినవాడు వచ్చే వారం సిరుగుప్పలో తేలితే, ఇటు డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు హద్దు అడ్డం, అటు ఆయనకు సమాచారం కరువు. రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలూ కలిసి సంతల్లో నమూనాలు తీయాలి. ఫలితాలను కన్నడ, తమిళాలతో పాటు తెలుగులోనూ ప్రకటించాలి. డాక్టర్లు కూడా ఏ ఆకు వాడుతున్నారో కసురుకోకుండా అడగాలి. అడిగితేనే గదా, పొడిని నమ్మి ఇన్‌హేలర్ మానేసినవాళ్లెవరో తెలిసేది.