వీధిలో టక్ టక్... హైవేపై గప్‌చుప్!

స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు చక్రం దగ్గర 'టక్'మంటుంది. గుంతలో పడితే మరోసారి. 'పాతబండి కదా, ఆమాత్రం చప్పుడు మామూలే' అంటారు నడిపే పెద్దాయన. వెనక సీట్లో పిల్లలు పాటల సౌండు కాస్త పెంచుతారు. ఇక ఆ టకటక ఎవరికీ వినిపించదు. కానీ, కారు చెప్పాలనుకున్నది మాత్రం అలాగే ఉండిపోతుంది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా రైసుమిల్లుల ఊరు మిర్యాలగూడకు వెళ్లేవాళ్లకు ఈ చప్పుడు బాగా తెలుస్తుంది. ధాన్యం లారీలూ ట్రాక్టర్లూ తిరిగే దారి. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు సరేసరి. అదే కారు సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కిందనుకోండి... 2012లో నాలుగు వరుసలుగా మారిన ఆ నున్నటి రోడ్డు మీద కోదాడ దాకా సుమారు 45 కిలోమీటర్లూ కిక్కురుమనదు. చిక్కంతా అక్కడే ఉంది. చప్పుడు వినిపించేచోట కారు వేగం ఇరవై. వినిపించనిచోట తొంభై! ఆ చప్పుడుకు కారణం అరిగిపోయిన బాల్ జాయింట్ అయితే, అది ఊడిపోతే ముప్పు ఎక్కడ ఎక్కువో వేరే చెప్పాలా?

కారుకీ ఉంది తుంటి కీలు!

మన తుంటి దగ్గర గిన్నెలాంటి గుంతలో గుండ్రటి ఎముక తిరుగుతుంది కదా. బాల్ జాయింట్ కూడా అంతే. స్టీలు గిన్నెలో స్టీలు గుండు. మధ్యలో గ్రీజు. పైన రబ్బరు తొడుగు. చక్రం గతుకుల్లో పైకీ కిందికీ ఊగాలి, స్టీరింగ్ తిప్పితే పక్కలకూ తిరగాలి. రెండు పనులూ ఒకేసారి జరిగేలా చూసేది ఈ కీలే. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు ఆల్టో, స్విఫ్ట్ దాకా చిన్నకార్లలో ముందువైపు ఒక్కో చక్రానికి కింద ఒకటి ఉంటుంది. ఇన్నోవా, స్కార్పియోల్లాంటి పెద్ద బండ్లలో పైన ఒకటి, కింద ఒకటి.

అంబాసిడర్ రోజుల్లో ముందు చక్రాల కీళ్లకు ఎప్పటికప్పుడు గ్రీజు కొట్టించేవాళ్లు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ అవసరం లేదు. గ్రీజు లోపలే పెట్టి మూసేస్తారు. కాబట్టి దాని ఆయువంతా ఆ రబ్బరు తొడుగులోనే ఉంది. అది చిరిగిందా... దుమ్మూ నీళ్లూ లోపలికి చేరతాయి. గ్రీజు పోతుంది. గుండు అరిగి వదులవుతుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నాట్లప్పుడు ట్రాక్టర్లు రోడ్డెక్కించే బురద చాలదూ, చిరిగిన తొడుగులోకి చేరడానికి!

పన్నెండూ... ఆరూ!

టక్‌మన్న ప్రతి చప్పుడూ బాల్ జాయింట్‌ది కాదు. షాక్ అబ్జార్బర్ పైభాగం, స్టెబిలైజర్ లింకు, ఆర్మ్ బుష్‌లు... అన్నీ అలాగే మోగుతాయి. అందుకే ఊహించి ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే జేబుకు చిల్లే. ముందు పరీక్ష చేయించాలి.

చదునైన నేలమీద వెనక చక్రాలకు అడ్డు పెట్టి, చిన్నకారును జాకీ పాయింటు దగ్గర లేపి, స్టాండు మీద నిలపాలి. చక్రాన్ని గడియారం అనుకుని 12, 6 అంకెల దగ్గర రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపాలి. వదులు తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. ఊగడం ఆగిపోతే అనుమానం వీల్ బేరింగ్ మీద. అయినా ఊగుతుంటే బాల్ జాయింట్ మీద. 9, 3 అంకెల దగ్గర పట్టుకున్నప్పుడే ఊగితే టైరాడ్ ఎండ్ చూడాలి. చివరగా ఆర్మ్ కింద చిన్న గడారీతో ఎత్తిపట్టి చూస్తే కీలులో కదలిక కంటికే కనిపిస్తుంది. పెద్ద బండ్లలో స్ప్రింగు బరువు కింది ఆర్మ్ మీద ఉంటే, జాకీని ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. లేదంటే బరువుకు బిగుసుకుపోయి, వదులున్నా తెలియదు.

స్టీరింగ్ ఓ పక్కకు లాగుతున్నా, టైరు ఒకవైపే అరుగుతున్నా ఈ పరీక్ష తప్పనిసరి. కీలు వదులుగా ఉంటే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు.

షెడ్డులో ఇవి అడగండి

కొన్ని మోడళ్లలో బాల్ జాయింట్ ఒక్కటే వస్తుంది. బోల్టులతో బిగించేదైతే పని సులువు. ఆర్మ్‌లోకి దిగగొట్టిన రకమైతే ప్రెస్ కావాలి. కొన్నింటిలో ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. ఏ రకమో ముందే అడిగితే బిల్లు చూసి ఉలిక్కిపడక్కర్లేదు.

విప్పేటప్పుడు సుత్తితో ఎడాపెడా బాదితే తొడుగు చిరుగుతుంది, మరలు పాడవుతాయి. అందుకు పుల్లర్ వాడాలి. పాత స్ప్లిట్ పిన్‌నూ లాక్ నట్‌నూ మళ్లీ వేయనివ్వొద్దు. బిగింపు కంపెనీ చెప్పినంతే ఉండాలి. ఆర్మ్ కూడా మారిస్తే బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేలమీద ఉన్నప్పుడు చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. ఒకవైపు అరిగిందంటే రెండోవైపూ చూడమనండి. అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సిందే.

బాగా వదులైన కీలుతో 'ఇంటిదాకా వెళ్లొచ్చులే' అనుకోవద్దు. గుండు గిన్నెలోంచి ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. స్టీరింగ్ చేతిలోనే ఉంటుంది, కారు మాత్రం మాట వినదు. అలాంటి బండిని షెడ్డుకు లాగించుకెళ్లడమే మేలు.

సంక్రాంతికి ఈ హైవే మీద కార్లు బారులు తీరుతాయి. బయల్దేరేముందు టైర్లలో గాలి చూస్తాం, బ్రేకులు చూస్తాం. ఈసారి చక్రం వెనక ఉన్న ఆ రబ్బరు తొడుగును కూడా ఓసారి చూడమని మెకానిక్‌కు చెప్పండి. లైటు వేసి చూస్తే రెండు నిమిషాల పని!