వాడిన తులసిని బ్రదికించుట

శ్రావణమాసమున ఒక రాత్రి మన మందిరములో రామభజనము ముగిసి ప్రసాదము పంచుచుండగా, ఒక సోదరి మా చెంతకు వచ్చి, కారులో ఒక వస్తువున్నది, దానిని మేము చూడవలెనని కోరిరి. వెళ్లి చూడగా వెనుక సీటుపై ఒక తులసి కుండీ ఉన్నది. ఆకులన్నియు వ్రేలబడియుండెను. క్రింది ఆకులు పసుపుబారి మట్టిపై రాలియుండెను.

“ఇది మా అత్తగారు నాటిన మొక్కండీ. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. పొద్దున, సాయంత్రం నేనే నీళ్లు పోస్తున్నాను. ఒక్కపూట మానలేదు. అయినా వాడిపోతోంది. నా చేయి మంచిది కాదని ఇంట్లో అనుకుంటున్నారు” అని చెప్పుచు ఆమె కన్నీరు పెట్టుకొనిరి.

ఈ మాసపు శీర్షికను ఆ కుండీకే కేటాయించుచున్నాము. ఇట్టి ప్రశ్న మాకు క్రొత్త కాదు. పెరడులున్న ఇండ్లనుండి మనవారు ఫ్లాటులలోనికి మారిన పిమ్మట, ముంగిట కోటలో పెరుగవలసిన తులసి వరండా మూలను, కిటికీ గట్టున, కుండీలో పెరుగుచున్నది. అది వాడినచో ఇంటికేదో కీడు రానున్నదని పెద్దలు భయపడుదురు. నింద మాత్రము ఇంటి కోడలిపై పడును. ఇది న్యాయము కాదు. కారణమును కుండీలో వెదకవలెను గాని మనిషిలో కాదు.

మొక్క యొక్క లేత భాగములు నిలిచియుండుట నీటి బలముచేతనే. ఆకులోని కణములు నీటితో నిండి బిగువుగా నున్నంతవరకు ఆకు నిటారుగా నుండును. నీరు తగ్గినచో ఆకు వ్రేలును. మట్టి ఎండినచో ఇట్లగుట అందరికిని తెలిసినదే. మట్టి నిరంతరము తడిగా నున్నను ఇట్లే జరుగునని మనలో అనేకులు ఎరుగరు. వేళ్లకు గాలి కావలెను. మట్టిలోని సందులన్నియు నీటితో నిండినచో వేళ్లకు ఊపిరి ఆడదు, అవి కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. అప్పుడు నీటి మధ్యనే యుండియు మొక్క దప్పితో వాడును. అది చూచి మనము మరికొంత నీరు పోయుదుము. వ్యాధియే మందుగా పెట్టినట్లగును.

ఇందు మా తప్పును కూడ చెప్పుకొనవలెను. మా ఇంట ఐదుగురము. స్నానమైన పిదప ఎవరికి వారు తులసికి ఒక్కొక్క చెంబు నీరు పోయుచుంటిమి. ఐదు చెంబుల భక్తిని ఆ చిన్న కుండీ భరింపలేకపోయెను. ఆకులు వ్రేలగా పురుగు పట్టినదనుకొని మందు చల్లితిమి. మొక్క చనిపోయిన పిమ్మట కుండీ బోర్లించి చూచినప్పుడు గాని అసలు సంగతి మాకు తెలియలేదు.

కావున ఆకులు వాడినంతనే నీటి చెంబు కొరకు పరుగెత్తరాదు. మొదట చూపుడువ్రేలును రెండు కణుపుల లోతున మట్టిలోనికి దింపి చూడవలెను. పిదప కుండీని ఎత్తి చూడవలెను. పొడిమట్టి తేలికగాను, తడిమట్టి బరువుగాను ఉండును. మిట్టమధ్యాహ్నపు ఎండకు వాడి, సాయంకాలమునకు తానే తేరుకొను మొక్కకు చికిత్స అక్కరలేదు.

మట్టి పొడిగా నున్నచో పని సులభము. మిక్కిలి ఎండిన మట్టి పైనుండి పోసిన నీటిని పీల్చుకొనదు; నీరు కుండీ గోడల ప్రక్కనుండి జారి క్రిందికి పోవును. అట్టి కుండీని ఒక బొక్కెనలో, సగము ఎత్తు వరకు నీరు పోసి, అరగంట నిలిపి, తీసి, అధికముగా నున్న నీటిని కార్చివేయవలెను. వేళ్లు బాగుగా నున్న మొక్క సాధారణముగా ఆ పూటకో మరునాటికో తలయెత్తును.

మట్టి తడిగా నుండి, దుర్గంధము వచ్చుచున్నచో, మొక్కను వేళ్లతో సహా మెల్లగా వెలికి తీయవలెను. తెల్లగా, గట్టిగా నున్న వేళ్లు బ్రదికినవి. నల్లబడి, మెత్తబడి, పట్టుకొనగనే ఊడివచ్చునవి కుళ్లినవి. వీనిని శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, పై కొమ్మలను కూడ కొంత తగ్గించవలెను. మిగిలిన కొద్ది వేళ్లు అన్ని ఆకులను పోషింపజాలవు. రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు నల్లరాతి ఇసుక కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నాటవలెను. సముద్రపు ఇసుక వాడరాదు, అందు ఉప్పుండును. నాటిన పిదప ఒక వారము నీడపట్టున నుంచి, పైమట్టి ఆరినప్పుడే నీరు పోయవలెను. క్రొత్త చిగురు వచ్చువరకు ఎరువు వేయరాదు.

కుండీ క్రింద పళ్లెము పెట్టువారు అందులో నీరు నిలువనీయరాదు. అది వేళ్లకు హాని, దోమలకు నిలయము. 2006లో చికున్‌గున్యా మన మారిషసు దీవిని పట్టి పీడించిన దినములు పాఠకులు మరచియుండరు.

పూజ మానుమని మేము చెప్పుటలేదు. ఇంటిల్లిపాదికి కలిపి ఒక్క ఉద్ధరిణెడు జలము మొదట సమర్పించి, మిగిలిన నీటిని మట్టి అడిగినప్పుడు పోయుదము. పాలు, పసుపునీరు, కుంకుమ మట్టిలో పోయక, కుండీకి బొట్టు పెట్టుదము. దీపమును ఆకులకు జానెడు దూరమున నుంచుదము. కంకులు ముదురకముందే త్రుంచినచో మొక్క బలము విత్తనములకు పోక ఆకులకు దక్కును.

ఇంకొక సంగతి. మన పెద్దలు తెచ్చిన పంచాంగము ఆంధ్రదేశపు ఋతువులను చెప్పును. మన దీవి ఋతువులు వేరు. అచ్చట ఆషాఢ శ్రావణములు వానకాలము, మొక్కలు ఏపుగా పెరుగు కాలము. ఇచ్చట అవి చలిదినములు. వెచ్చదనమును కోరు తులసి అప్పుడు పెరుగుట మందగించును. నీరు తక్కువ త్రాగును. సుమారు 550 మీటర్ల ఎత్తున, మబ్బు, జల్లులు విడువని క్యూర్పీప్ వంటి చోట్ల ఇది మరింత నిజము. అట్టివారు కుండీని ఉత్తరపు వెలుగు వచ్చు కిటికీకి మార్చవలెను. మన దీవిలో చలికాలపు సూర్యుడు ఉత్తరమువైపున నుండును. సముద్రతీరమున నున్నవారు ఉప్పుగాలి తగిలిన ఆకులను మంచినీటితో కడుగవలెను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు లోపలికి తెచ్చిన కుండీని, తుపాను వెడలినంతనే తీక్ష్ణమైన ఎండలో పెట్టక, రెండు మూడు దినములు నీడలో నుంచి, క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను.

ఆ సోదరి తెచ్చిన కుండీ సంగతి చెప్పవలసియున్నది. ఎత్తి చూడగా బండవలె బరువుగా నుండెను. మరునాటి ఉదయము వెలికి తీసితిమి. వేళ్లలో నాలుగు వంతులలో మూడు వంతులు నల్లబడియుండెను. తల్లిమొక్క నిలుచునన్న ఆశ మాకు లేకపోయెను. అందుచే, పచ్చగా మిగిలిన మూడు కొనలను జానెడు చొప్పున, కణుపునకు దిగువగా కోసి, క్రింది ఆకులు తీసి, గాజుగ్లాసులోని నీటిలో నుంచి, వంటింటి వెచ్చని కిటికీ వద్ద పెట్టుమని చెప్పితిమి. నీటిని రెండు దినములకొకమారు మార్చమంటిమి.

“తులసిని కోయవచ్చునా?” అని ఆమె సంశయించిరి. ద్వాదశినాడును, రాత్రివేళను కోయరాదన్న ఆచారమును పాటింపవచ్చును. ప్రాణము నిలుపుటకై కోయుట దోషము కాదని మా నమ్మకము.

తల్లిమొక్క పదునైదు దినములలో ఎండిపోయెను. మూడు కొనలలో ఒకటి కుళ్లెను, ఒకటి వాడెను. మూడవదానికి చలివలన ఆలస్యముగా, నాలుగవ వారమున, దారములవంటి తెల్లని వేళ్లు వచ్చెను. దానిని చిన్న కుండీలో నాటిరి. కార్తీకము వచ్చుసరికి మన దీవికి వెచ్చదనము తిరిగివచ్చును గదా! క్షీరాబ్ధి ద్వాదశినాటికి అది ఆరు జతల ఆకులు తొడిగెను. ఆ దినమున ఆమె భర్తయే స్వయముగా ఆ కుండీ యెదుట దీపము పెట్టినాడని విన్నాము.

“ఇది మా అత్తగారి మొక్కేనంటారా?” అని ఆమె మమ్ము అడిగిరి. విత్తనమునుండి పుట్టిన మొక్క బిడ్డవంటిది. కొమ్మనుండి వేరూనినది ఆ మొక్కయే. ఆమె అత్తగారు నాటిన తులసియే ఆ ఇంట నున్నదని నిస్సంశయముగా బదులు చెప్పితిమి.

పాఠకులలో ఎవరి ఇంటనైన తులసి వాడియున్నచో, ఎవరినైన ఒక మాట అనుటకు ముందు, కుండీని ఒక్కమారు ఎత్తి చూడవలెనని ప్రార్థించుచున్నాము.