ఆకలి కాని యాకలి

పరీక్షలు సమీపించినకొలది మన విద్యార్థులు చదువుతోపాటు చిరుతిండియు పెంచుచున్నారు. భోజనమైన గంటకే పుస్తకము ప్రక్కకు బిస్కట్ల పొట్లమో, చిప్సు పొట్లమో, సీసాలోని తీపి పానీయమో చేరుచున్నది. దీనిని తిండిపోతుతనమని కొందరు పెద్దలు నిందింతురు. నా యభిప్రాయము వేరు. ఇది కడుపునకు గలిగిన యాకలి కాదు. కలతపడిన మనస్సునకు గలిగిన యాకలి. నిందవలన నది హెచ్చునే గాని తగ్గదు.

మనస్సు చిరకాలము కలతనొందినచో దేహమందు కార్టిసాల్ అను రసము హెచ్చి, తీపిపై, క్రొవ్వుపదార్థములపై కోరిక పుట్టించును. నిద్ర తగ్గినచో నాకలి మరింత ప్రబలును. తిన్నవెంటనే కొంత యూరట కలుగుట నిజమే. కాని పొట్లము ఖాళీయైనను చిక్కు లెక్క చిక్కుగానే యుండును.

మనది చెరకు సీమ. చక్కెర కర్మాగారమువలన గోవాడకును, బెల్లపు విపణివలన అనకాపల్లికిని పేరు గలిగినది. ఆ పంట మన యిండ్లను పోషించినది, దానిని తూలనాడరాదు. అయినను తీపికి మితము గలదు. ప్రపంచారోగ్యసంస్థ 2015లో చేసిన సూచన ననుసరించి దినమునకు 2,000 కెలోరీలు భుజించువానికి చేర్చిన చక్కెర 50 గ్రాములు మించరాదు. తీపి పానీయము 300 మిల్లీలీటర్ల సీసాలోనే సుమారు 30 గ్రాములుండును. బెల్లము మంచిదని యెంతయైనను తినువారు అదియు నీ లెక్కలోనిదేయని గ్రహింపవలెను.

తల్లిదండ్రులారా, ఏడ్చు బిడ్డ చేతిలో మిఠాయి పెట్టి యూరడించినది మనమే. మార్కులు తగ్గినప్పుడు మందలించి, పిదప జాలిపడి పదిరూపాయలిచ్చి యంగడికి పంపుచున్నదియు మనమే. దుఃఖమునకు తిండి మందని మనము నేర్పిన పాఠమునే వారు వల్లించుచున్నారు. కలతవేళ సంకల్పబలము సన్నగిల్లును గనుక మంచి తిండిని ముందే సిద్ధపరచుట మన విధి. చోళ్లంబలి, ఉడికించిన శనగలు, జామపండు ఇంట నున్నచో చేయి వానివైపే పోవును. చోళ్లు, గంటెలు పేదవాని తిండియని విడిచితిమి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేటి మార్చిలోనే మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ పంచుట యారంభమైనది.

ఏలీయా ప్రవక్త నిరాశచెంది బదరీవృక్షము క్రింద పడియున్నప్పుడు దేవదూత యతనిని గద్దింపలేదు. అప్పమును, నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. సాదా యాహారము, విశ్రాంతి, మృదువైన పలుకు: మన బిడ్డలకును ఈ మూడే కావలెను.

విద్యార్థులారా, నిజమైన యాకలి మెల్లగా వచ్చి అంబలితోనైనను తృప్తిపడును. కలత తెచ్చిన యాకలి హఠాత్తుగా వచ్చి, ఫలానిదియే కావలెనని పట్టుబట్టును. అట్టివేళ నీరు త్రాగి, పది నిమిషములు వాకిట నడిచి, మీ భయమును తల్లితోనో ఉపాధ్యాయునితోనో చెప్పుకొనుడు. అప్పటికిని ఆకలి తీరనిచో సిగ్గుపడక కూర్చుండి భోజనము చేయుడు.