మావయ్య మెసేజీకి తైవాన్ జవాబు

2020 ఫిబ్రవరి మొదట్లో తైవాన్ దుకాణాల్లో టాయిలెట్ పేపరు ఉన్నట్టుండి మాయమైపోయింది. మాస్కులకూ టాయిలెట్ పేపరుకూ ముడిసరుకు ఒకటేనట, సర్కారు మాస్కుల తయారీ పెంచేసింది కాబట్టి ఇక పేపరు దొరకదట అని ఫోన్లలో పాకింది. ఆ 'అట' చాలు. జనం ఎగబడి కట్టలకు కట్టలు ఇళ్లకు మోసుకుపోయారు.

అప్పుడు ప్రధాని సు త్సెంగ్‌చాంగ్ తన పేజీలో ఒక బొమ్మ పెట్టారు. బొమ్మలో ఉన్నది ఆయనే. మనకు వీపు తిప్పి నిలబడి నడుము ఊపుతున్నట్టు గీశారు. దాని మీది రాత మన మాటల్లో చెప్పాలంటే, ఎవరికైనా ఉన్నది ఒక్కటే ముడ్డి కదా అని. పక్కనే చిన్న పట్టిక. టాయిలెట్ పేపరుకు వాడే గుజ్జు దక్షిణ అమెరికా నుంచి వస్తుంది, మాస్కుకు వాడే సరుకు తైవాన్‌లోనే తయారవుతుంది. అంతే సంగతి. జనం నవ్వుకున్నారు, ఒకరికొకరు పంపుకున్నారు. ఆ పంపుకోవడంలో పట్టిక కూడా పుకారు వెనకాలే ఇంటింటికీ వెళ్లింది.

'ముడ్డి' అని కావాలనే రాశాను. ఆయన వాడింది కూడా ఆఫీసు భాష కాదు, తైవాన్ ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుకునే హొక్కియన్ మాట. పైగా చైనీసులో సరుకు పోగేసి దాచుకోవడాన్ని చెప్పే మాటా, పిరుదుల్ని చెప్పే మాటా ఒకేలా 'తున్' అని పలుకుతాయి. శ్లేష కూడా కలిసొచ్చింది. అదే మన దగ్గర అయితే, మంత్రిగారి నోట్లోంచి బయల్దేరిన మాట కాగితం మీదికి వచ్చేసరికి 'ప్రజలు భయాందోళనలకు గురికావలదని ఇందుమూలముగా' అయి కూర్చుంటుంది. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఖళ్లుఖళ్లుమని దగ్గు వినిపించి ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పేవారు, గుర్తుందా? ఆ దగ్గుకు ఉలిక్కిపడి ఫోన్ పెట్టేసినవాళ్లలో మా అమ్మ ఒకరు.

ఇక మావయ్య సంగతి. 2021 మే నెల, రెండో వేవ్. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా మేనమామ ఒక మెసేజీ పెట్టాడు. కర్పూరం, లవంగం, వాము, నాలుగు చుక్కల నీలగిరి తైలం గుడ్డలో మూటకట్టి రోజంతా వాసన చూస్తూ ఉంటే ఆక్సిజన్ పెరుగుతుందని. కింద 'పది మందికి పంపి పుణ్యం కట్టుకోండి' అని రెండు దండాలు. ఆయన చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. అప్పటికి వాళ్ల వీధిలో మూడిళ్లలో జ్వరాలు. ఆక్సిజన్ సిలిండరు కోసం ఒక స్నేహితుడికి ఆయన ఇచ్చిన నంబర్లలో ఒక్కదానికీ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. చేతిలో ఏమీ లేనప్పుడు వాము మూట ఉంది. అదే పంపాడు.

మెడిసిన్ చదువుతున్న మా పిన్ని కొడుకు రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు. ఎర్ర ముద్రతో అడ్డంగా 'ఫేక్' అని కొట్టిన బొమ్మ ఒకటి అతికించి, కింద 'ప్లీజ్, ఇలాంటివి పంపకండి' అని రాశాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఐదు నిమిషాలకు గ్రూపులో ఒక బూడిదరంగు గీత కనిపించింది: మావయ్య గ్రూపు వదిలి వెళ్లిపోయారు. సాయంత్రం అమ్మకు ఫోన్. "ఏమే, నీ చెల్లెలి కొడుకు నలుగురిలో నాకు బుద్ధి చెప్పేంత వాడయ్యాడా?" వాము సంగతి అక్కడితో అయిపోయింది, గౌరవం సంగతి మొదలైంది. నెలలపాటు రాకపోకలు లేవు. మూట మాత్రం ఆయన జేబులోనే ఉంది.

తైవాన్ బొమ్మ గురించి చదివినప్పుడు నాకు ముందుగా తట్టింది హాస్యం కాదు, ఆ నవ్వు ఎవరి మీద అన్నది. పేపరు కొన్నవాళ్లను వెర్రివాళ్లని ఆ బొమ్మ అనలేదు. వెర్రివాడిలా నిలబడింది ప్రధాని. కరోనాకు ముందు కూడా ఆయన ఇదే పని చేశారు. వారంలో పలుమార్లు జుట్టుకు పెర్మింగ్ చేయించుకుంటే, అంటే రింగులు తిప్పించుకుంటే, భారీ జరిమానా అని పుకారు పుడితే, వయసులో ఒత్తు జుట్టుతో ఉన్న తన ఫోటో పెట్టి, ఇప్పుడు నాకు జుట్టు లేకపోయినా ఉన్నవాళ్లను శిక్షిస్తానా అన్న అర్థంలో జవాబిచ్చారు. బట్టతల ఆయనది, పిర్ర ఆయనది. నమ్మినవాడి పరువుకు ఎక్కడా గీత పడలేదు. మన ఎర్ర ముద్ర అలా కాదు. అది అబద్ధం మీద పడేలోపే దాన్ని పంపిన మనిషి మొహం మీద పడుతుంది. నలుగురిలో పడితే పెద్దమనిషి ఒప్పుకుంటాడా? ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

అప్పట్లో అక్కడ డిజిటల్ మంత్రిగా ఉన్న ఆడ్రీ టాంగ్ ఈ పద్ధతికి 2-2-2 అని లెక్క చెప్పేవారు. 20 నిమిషాల్లో జవాబు, 200 అక్షరాల్లోపు, 2 బొమ్మలు. పుకారు ఎంత సైజులో ఉందో జవాబూ అంతే సైజులో ఉండాలన్నమాట. ఒక రాత్రి గడిచిందంటే విన్నమాట నమ్మకంగా ముదిరిపోతుంది, ఆపైన దాన్ని కదపడం కష్టం. బొమ్మల సంగతికొస్తే, ఆరోగ్యశాఖలో పనిచేసే ఒక ఉద్యోగి పెంపుడు కుక్క, షిబా జాతిది, జోంగ్‌చాయ్ దాని పేరు, ఆ శాఖకు ప్రచారకర్త అయిపోయింది. నాలుగు గోడల మధ్య ఉంటే మనిషికీ మనిషికీ నడుమ మూడు కుక్కల దూరం, బయట ఉంటే రెండు కుక్కల దూరం. మీటరున్నర అంటే ఎంతో చేతులు చాచి చూసుకోవాలి, కుక్క పొడుగు అందరికీ తెలుసు.

ఇంతవరకూ చదివి, మనమూ జోకులేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. ఆ జోకుల వెనక రోజూ మధ్యాహ్నం రెండు గంటలు అనే సమయం ఒకటి ఉంది. 2003లో సార్స్ వచ్చినప్పుడు తైపేలోని హోపింగ్ ఆసుపత్రిని ఏప్రిల్ 24న ఉన్నపళంగా మూసేసి, రోగులనూ సిబ్బందినీ కలిపి వెయ్యిమందికి పైగా లోపలే ఉంచేశారు. ఆ భయం, ఆ గందరగోళం అక్కడివాళ్లు మర్చిపోలేదు. అందుకే 2020 జనవరి 20న అంటువ్యాధి కేంద్రం తెరిచాక, ఆరోగ్య మంత్రి చెన్ షిజుంగ్ రోజూ విలేఖరుల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. ఎన్ని ప్రశ్నలున్నా అడగనిచ్చేవారు. అంతా నేరుగా ప్రసారం. కేసులున్నా లేకపోయినా ఆ మనిషి ఆ టైముకు కనిపించేవాడు. జనానికి సీరియల్ టైములా అలవాటైపోయింది. అనుమానం ఉంటే 1922కి ఫోన్ చేయొచ్చు.

ఏప్రిల్‌లో ఆ నంబరుకు ఒక ఇంటినుంచి కాల్ వచ్చింది. రేషన్లో గులాబీ రంగు మాస్కు వచ్చిందట, బళ్లో తోటి పిల్లలు ఏడిపిస్తారని మగపిల్లాడు వేసుకోనంటున్నాడట. ఏప్రిల్ 13న విలేఖరుల ముందుకు వచ్చిన అధికారులంతా గులాబీ మాస్కులే వేసుకున్నారు. చిన్నప్పుడు పింక్ పాంథర్ తనకు ఇష్టమని మంత్రి చెప్పారు. నిజమే, ఇది పుకారు సంగతి కాదు. కానీ ఒక పిల్లాడి బాధకు మంత్రి మర్నాటికల్లా పలికితే, రేపు టీకా గురించి ఆయన చెప్పేదాన్ని ఆ ఇల్లు ఇంకో చెవితో వింటుంది.

మాస్కులంటే గుర్తొచ్చింది. ఆరోగ్య బీమా కార్డు చూపి కొనుక్కునే రేషన్ పద్ధతి ఫిబ్రవరి 6న మొదలైంది. ఏ మందుల షాపులో ఎన్ని మాస్కులున్నాయో ఆ లెక్కలు ప్రభుత్వం అందరికీ విడుదల చేస్తే, ఊళ్లలోని ప్రోగ్రామర్లు వాటిని ఫోన్లో చూసుకునే మ్యాపులుగా మార్చేశారు. దొరకవట అన్న మాట పుట్టడానికి అక్కడ చోటేది? వీధి చివర షాపులో ఎన్ని ఉన్నాయో చేతిలోనే కనిపిస్తోంటే. మావయ్య మూట గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ మ్యాపు గుర్తొస్తుంది. ఆయనకు ఆ రోజు కావలసింది 'ఇది అబద్ధం' అన్న కబురు కాదు. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉంది, ఏ నంబరు ఎత్తుతారు అన్న కబురు.

మనవాళ్లు ఏమీ చేయలేదనడం అన్యాయం. చికెన్ తింటే కరోనా వస్తుందని 2020 మొదట్లో పాకినప్పుడు కోళ్ల రైతులు నిలువునా మునిగారు. ఫిబ్రవరి చివర హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరి ముందూ కోడికూర ముక్కలు కొరికారు. ఆలోచిస్తే తైవాన్ ప్రధాని చేసిందీ అదే జాతి పని. భాష అక్కర్లేదు, కళ్లకు కనిపిస్తుంది, నాయకుడు తన ఒంటినే పూచీ పెట్టాడు. కాకపోతే అది ఒక్క రోజు పండగ. మర్నాడు రెండు గంటలకు మళ్లీ ఎవరూ లేరు. 2021 మేలో కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు చూడండి. పంపిణీ ఆగడం, పరీక్షలు, హైకోర్టు, చివరికి కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి. ఆ పదిరోజుల్లో ఏం తేలింది, ఏం తేలలేదు అని రోజూ ఒకే మనిషి ఒకే టైముకు తెలుగులో చెప్పి ఉంటే? ఆ ఖాళీని యూట్యూబ్ నింపింది.

తైవాన్‌ను నెత్తిన పెట్టుకోవడం కూడా నా ఉద్దేశం కాదు. ఆ నవ్వుల పక్కనే లాఠీ ఉంది. కరోనా కోసం తెచ్చిన ప్రత్యేక చట్టంలో, తప్పుడు కబుర్లు పుట్టించి జనానికి నష్టం చేస్తే మూడేళ్ల వరకు జైలు, 30 లక్షల తైవాన్ డాలర్ల వరకు జరిమానా అని రాసుకున్నారు. పాత శాంతిభద్రతల చట్టం కింద మామూలు మనుషులను స్టేషన్లకు పిలిచారు కూడా. ఇంకో సంగతి, 2020 మొత్తంలో అక్కడ తేలిన కేసులు 799, మరణాలు 7. శవాలు కనిపించని చోట ముడ్డి జోకు పేలుతుంది. ఆసుపత్రి గేటు ముందు ఆటోలో ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి పక్కన పేలదు. 2021 జూన్‌లో అక్కడ పెద్దవాళ్లకు టీకాలు మొదలుపెట్టాక, టీకా తర్వాత ఫలానా వృద్ధుడు చనిపోయాడన్న వార్తలు వరసగా వచ్చేసరికి చాలామంది వెనక్కి తగ్గారు. ఆ వార్తల్లో చావు అబద్ధం కాదు. దానికి కారణం టీకాయేనా అన్నదే తేలలేదు. కుక్క బొమ్మ అలాంటిదాన్ని ఏం చేయగలదు? 2022లో ఒమిక్రాన్ వచ్చేనాటికి కూడా 75 దాటినవాళ్లలో టీకా వేయించుకోనివాళ్లు ఎందరో మిగిలారు. ఆ సంవత్సరం మరణాలు వేలకు చేరాయి.

నన్ను అక్కడినుంచి ఒకటే తెచ్చుకోమంటే బొమ్మను కాదు, కోఫ్యాక్ట్స్‌ను తెచ్చుకుంటాను. తైవాన్‌లో వాట్సాప్ స్థానంలో ఉన్నది లైన్ అనే యాప్. అందులో గ్రూపులూ, 'శుభోదయం' పూల బొమ్మలూ, మావయ్యలూ అన్నీ మనలాగే. 2016లో జి-జీరో-వి అనే ప్రోగ్రామర్ల గుంపు నుంచి పుట్టిన కోఫ్యాక్ట్స్ ఒక చిన్న బాట్. అనుమానం వచ్చిన మెసేజీని దానికి పంపితే, అంతకుముందు ఎవరైనా దాని సంగతి తేల్చి ఉంటే జవాబు వెంటనే వస్తుంది. లేకపోతే స్వచ్ఛంద కార్యకర్తలు ఎవరో ఒకరు చూసి రాస్తారు. అందరికీ ఒకే ముద్ర కొట్టరు. ఇందులో తప్పుడు సమాచారం ఉంది, ఇందులో నిజం ఉంది, ఇది ఫలానావారి సొంత అభిప్రాయం అని వేరుచేసి, ఆధారం చూపిస్తారు. అలాంటిదే ఇంకొకటి మైగోపెన్. పేరు ఇంగ్లీషులా వినిపిస్తుంది కానీ హొక్కియన్‌లో 'ఇంక మోసం చేయకండి' అని దాని ధ్వని.

ఇందులో నాకు నచ్చినదల్లా గుట్టు. మావయ్య తానే, గదిలో ఒక్కడే కూర్చుని, గ్రూపులో పెట్టకముందే అడగొచ్చు. అల్లుడి ముందు, మరదలి ముందు తల దించక్కర్లేదు. మనకూ నిజం తేల్చే పని చేసేవాళ్లున్నారు. హైదరాబాదు నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది. కాకపోతే మావయ్య వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లడు. మేనల్లుడు అక్కడినుంచి తెచ్చి ఆయన మొహాన వేయాల్సి వస్తుంది. మళ్లీ మొదటికే.

మావయ్య ఆ ఏడు దసరాకు మాటలు కలిపాడు. గ్రూపులోకి మాత్రం రాలేదు. కొన్నాళ్లకు ఒక రాత్రి నాకు విడిగా ఒక మెసేజీ పంపాడు. ఏదో కషాయం, పిల్లలకు మూడు పూటలా పట్టాలట. పైన సొంతంగా ఒక్క ముక్క రాశాడు: "అల్లుడూ, ఇది నిజమేనంటావా?" పొంగిపోయాను. ఎర్ర ముద్ర జోలికి పోకుండా, తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుని, నొచ్చుకోకుండా ఉండేలా రెండుసార్లు తిరగరాసి పంపేసరికి నాలుగు గంటలు పట్టింది.

"అయ్యో, ఇంత ఆలస్యంగానా," అని వచ్చింది జవాబు. "గుడి కమిటీ గ్రూపులో పెట్టేశాను గదరా."