సుత్తె దెబ్బయు పరమాణువును

మా తరగతిలో ఆటోనగరు షెడ్డులయందు పనిచేయువారి బిడ్డలు పెక్కుమంది గలరు. పరమాణువును గూర్చి పాఠము చెప్పుచుండగా అందొక బాలుడు లేచి, "మాస్టారండీ, అణువులో చాలా భాగం ఖాళీయే అంటున్నారు గదా! మరి మా నాన్న సుత్తె వేస్తే ఇనుములోంచి దూరిపోదేమండీ?" అని యడిగెను. పరీక్షలో రాని ప్రశ్న యని మేము వానిని గూర్చుండుమంటిమి. ఆ మాట నేటికిని మమ్ము బాధించుచున్నది.

అది యల్పమైన ప్రశ్న గాదు. 1909లో మాంచెస్టరు నగరమున రూథర్‌ఫర్డు పండితునియొద్ద గైగరు, మార్స్‌డెన్ అను నిరువురు పలుచని లోహపు రేకులపై ఆల్ఫా కణములను ప్రయోగించిరి. వానిలో మిక్కిలి పెక్కు సూటిగా దాటిపోయినవి. అరుదుగా నొకటి వెనుకకు మరలినది. మార్స్‌డెన్ అప్పటి కిరువదియేండ్ల విద్యార్థి మాత్రమే. ఆ వింతకు కారణమును వెదకి 1911లో రూథర్‌ఫర్డు, పరమాణువు నడుమ మిగుల చిన్నదియు బరువైనదియు నగు కేంద్రకము గలదని తేల్చెను.

ఇనుమునే చూడుడు. దాని కేంద్రకమున 26 ప్రోటానులును, సాధారణముగా 30 న్యూట్రానులును గలవు. వెలుపల 26 ఎలక్ట్రానులు గలవు. కేంద్రకము వెడల్పు పరమాణువు వెడల్పులో పదివేలవ వంతైనను లేదు. అయినను మిగిలిన చోటు వట్టి బయలు గాదు. ఎలక్ట్రానులు మేఘమువలె దాని నావరించియున్నవి. సుత్తెలోని ఎలక్ట్రానులును ఇనుములోని ఎలక్ట్రానులును ఒకదాని చోటికి వేరొకదానిని చొరనీయవు. కావుననే సుత్తె యాగును, ఇనుము వంగును. సూర్యుని చుట్టు గ్రహములవలె మేము నల్లబల్లపై గీసిన బొమ్మ యీ సంగతిని మరుగుపరచినది.

"పానా పట్టు చేతికి భౌతికశాస్త్ర మేల?" అను మాట తల్లిదండ్రుల నోటను, ఒక్కొక్కప్పుడు మా వంటి ఉపాధ్యాయుల నోటను గూడ వినబడుచున్నది. దీనిని మే మంగీకరింపము. 1896లో భీమవరము చెంత గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానందగారు, 1932లో న్యూట్రానును కనుగొనిన చాడ్విక్కు పండితునియొద్ద లివర్‌పూలులో పరిశోధనలు సల్పి, పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్రమునకు పునాది వేసిరి. పల్లెటి బిడ్డకు అందిన విద్య షెడ్డు బిడ్డకు అందకుండునా?

తల్లిదండ్రులారా, సెలవులలో బిడ్డలకు పని నేర్పుడు, తప్పులేదు. కాని బడి మాన్పింపకుడు. ఉపాధ్యాయ మిత్రులారా, పుస్తకములో లేని ప్రశ్నను త్రోసిపుచ్చకుడు. ఆ బాలుడు మరల లేచి యడుగవలయునని మా కోరిక. ఈ మారు వానిని గూర్చుండుమనము.